పదిహేడు ఒకట్లు

ఆ చలికాలం ఆఫీసు టైపు మిషన్లో
ఒకటి అంకె మీట గడ్డకట్టింది.
విడిపిద్దామని తోర్బ్యోర్గ్ టకటకా కొడుతూ పోయింది.
మీట విడిపోయేసరికి, మిషన్లో ఉన్న బిల్లు మీద
ఎవరో ఇంగ్వాల్డ్ పడవ దించిన చేపల ఖరీదు
11111111111111111 క్రోనర్లు.

రేవు రేవంతా పడీ పడీ నవ్వింది.
ఇంగ్వాల్డయితే చిల్లర వద్దు, నోట్లే ఇమ్మన్నాడు.
ఆవిడ మాత్రం కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
పెన్సిలు మొనతో ఒక్కొక్కదాన్నీ తాకి లెక్కపెట్టింది.
పదిహేడు.
"ఇది పగులుతుందంటావా?" అని నన్నే అడిగింది.

నాకు పదకొండేళ్ళు.
కాడ్ చేపల నాలుకలు కోసి, కొయ్యబారిన వేళ్ళతో
ఆవిడ పొయ్యి దగ్గరికి దూరేవాణ్ణి.
పగలడమేమిటో తెలీదు.
కిటికీ అవతల చేపలు ఆరేసే దడులు,
మంచులో నిటారుగా కర్రలు.
లోఫోటెన్‌లో ఎటు చూసినా ఒకట్లే.

"ఒకట్లు సరిసంఖ్యలో నిలబడితే
జతలు జతలుగా పదకొండుకి లొంగిపోతాయి.
మూడేసి నిలబడితే ముప్ఫై ఏడొచ్చి కోసేస్తుంది.
ఈ పదిహేడు చూడు,
ఏ వరసలోనూ సమంగా సర్దుకోదు. మొండిది."
ఆ మాటంటూ బొగ్గు ఎగదోసింది.
మొండివాళ్ళంటే ఆవిడకి ఇష్టమని ఊరందరికీ తెలుసు.

ఏ పాత పుస్తకంలో చదివిందో ఒక కిటుకు చెప్పింది:
దీన్ని భాగించే ప్రధానసంఖ్య ఏదైనా సరే
ముప్ఫై నాలుగేసి తీసేస్తూ పోతే
చివరికి ఒకటే మిగలాలి.
నూట మూడు. నూట ముప్ఫై ఏడు.
రెండువందల ముప్ఫై తొమ్మిది.
రోజూ చేపల లెక్క మూసేశాక ఎనిమిది భాగహారాలు,
బిల్లుల వెనకవైపు.
శేషం మిగిలిన ప్రతిదాన్నీ
ఉప్పు బస్తాల పద్దులా ఒక గీతతో కొట్టేసేది.

తొమ్మిది చలికాలాలు.
టైపు మిషన్ మారింది. ఇంగ్వాల్డ్ పడవ అమ్మేశాడు.
నేను ట్రోండ్‌హైమ్‌లో చదువుకి కుదిరి
సెలవులకి మాత్రం వచ్చేవాణ్ణి.
అంతసేపూ ఆ సంఖ్య
ఒక్క ఒకటైనా పక్కకి ఒరగకుండా అలాగే నిలబడింది.

ఆ జనవరి, నెల్లాళ్ళుగా ముఖం చాటేసిన సూర్యుడు
కొండ అంచున ఓ వేలెడు కనిపించిన రోజు,
ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడువందల ఇరవై మూడు దగ్గర
శేషం రాలేదు.
మళ్ళీ చేసింది. రాలేదు.
నన్ను పిలిచి చేయించింది.
భాగఫలం ఐదువందల ముప్ఫై ఆరు కోట్ల పైచిలుకు,
కింద ఉత్త సున్నా.

నేను ఎగిరి గంతేశాను.
ఆవిడ, చేతిలోంచి గుడ్డు జారినట్టు,
"అయ్యో" అంది.
తర్వాత ఆ రెండు ముక్కల్నీ తిరిగి గుణించింది.
ఒక్కొక్క వరసా కలుపుతుంటే
కుడి నుంచి ఎడమకి ఒకటి, ఒకటి, ఒకటి,
మంచు కింది కర్రల్లా మళ్ళీ లేచి నిలబడ్డాయి.
కాసేపు వాటినే చూసింది.
ఏ పోలికా లేని ఇద్దరు
చేతులు కలిపితే ఇంత ఒకే పోలికా!

మర్నాడు చివర ఇంకో రెండు గీతలు చేర్చింది.
పంతొమ్మిది.

ఆ ఏడే మా కాలేజీ గ్రంథాలయంలో తెలిసింది.
పంతొమ్మిది ఒకట్లు పగలవు.
ఏ కత్తికీ, ఎన్ని జన్మల చలికాలాలకీ.
ఎప్పుడో ఎవరో తేల్చేశారు.
ఉత్తరం రాశాను, చింపేశాను.
వేసవిలో ఎదురుగా నిలబడి
"ఆ పంతొమ్మిది సంగతి..." అన్నాను.

ఆవిడ పెన్సిలు చెక్కుతోంది.
తల ఎత్తకుండానే అంది:
"చెప్పకు.
బస్తాలో ఇంకా బొగ్గుంది."